వెలుగును బట్టి నల్లబడే కారు అద్దంలో ఆవిష్కరణ ఎక్కడుంది: పూతలోనా, సర్క్యూట్‌లోనా?

ప్రశ్న: కాంతిరేఖ

వెనుక వచ్చే వాహనం హెడ్‌లైట్ల వెలుగు పడగానే తనంతట తానే నల్లబడి, ఆ వెలుగు తొలగగానే మళ్లీ తేటపడే లోపలి అద్దం ఇప్పుడు చాలా కార్లలో వస్తోంది. పనికిరాదని పక్కన పడేసిన అలాంటి అద్దం ఒకటి నా చేతికి వచ్చింది. పగలగొట్టకుండా అంచుల నుంచి పరిశీలిస్తే, అది ఒకే గాజు పలక కాదనీ, రెండు పలకలను ఒకదాని మీద ఒకటి కాస్త పక్కకు జరిపి అతికించారనీ, అలా బయటికి పొడుచుకువచ్చిన అంచులను పొడవాటి లోహపు క్లిప్పులు పట్టుకొని ఉన్నాయనీ తెలిసింది. ఒక్కొక్క క్లిప్పు నుంచి ఒక్కో తీగ సర్క్యూట్ బోర్డుకు వెళ్తోంది. ఆ బోర్డుకు కాంతిని పసిగట్టే సెన్సర్లు రెండున్నాయి. ఒకటి కారు వెనుక గాజు వైపు, మరొకటి కారు ముందు గాజు వైపు చూస్తున్నాయి.

మామూలు అద్దానికి గాజు వెనుక వెండి పూత, దాని వెనుక రంగు ఉంటాయి. దీనికి మాత్రం లోహపు పూత రెండు పలకల మధ్యన, అక్కడ నింపిన రంగు మారే ద్రవానికి తగిలేలా ఉన్నట్టు కనబడుతోంది. పూతను అక్కడ ఎందుకు పెట్టారు? పెద్ద పెద్ద దూరదర్శినుల అద్దాలకు అల్యూమినియమే పూస్తుండగా, ఇక్కడ అది ఎందుకు పనికిరాదంటున్నారు? అసలు ఈ వస్తువును కొత్తదిగా నిలబెట్టిన ఆవిష్కరణ పూతలో ఉందా, ఎలక్ట్రానిక్స్‌లో ఉందా? రెండు రంగాలూ తెలిసినవారు వివరిస్తే సంతోషిస్తాను.

జవాబు: పలుచనిపొర

కాంతిరేఖ గారూ, మీరు సరిగ్గానే గమనించారు. ఈ అద్దాల తయారీలో గాజు ఉపరితలాలను డ్రైవరు వైపు నుంచి లెక్కపెట్టడం ఆనవాయితీ. ముందు పలకకు ముందువైపు ఉన్నది ఒకటో ఉపరితలం, దాని వెనుకవైపు రెండోది, వెనుక పలకకు ముందువైపు మూడోది, అన్నింటికన్నా వెనుక ఉన్నది నాలుగోది. రెండో ఉపరితలానికీ మూడోదానికీ మధ్య సందు మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. రంగు మారే ద్రావణం గానీ జెల్ గానీ ఆ సందులోనే నింపి అంచులను మూసేస్తారు. తొలి తరం అద్దాల్లో లోపలి ఉపరితలాలు రెండింటి మీదా ఇండియం టిన్ ఆక్సైడ్ వంటి పారదర్శక వాహకాన్ని పూసి, వెండిని మాత్రం నాలుగో ఉపరితలం మీద, అంటే మామూలు అద్దంలో ఉండే చోటనే ఉంచేవారు. అప్పుడు వెండికి లోపలి రసాయనంతో సంబంధమే లేదు. వెనుక రంగు పూసి గాలి తగలకుండా కాపాడుకుంటే చాలు.

తరవాతి తరంలో లోహపు పూతను మూడో ఉపరితలం మీదికి తెచ్చారు. దానితో ఆ పూత అద్దంగానూ పనిచేస్తుంది, విద్యుత్తు మోసే ఎలక్ట్రోడ్‌గానూ పనిచేస్తుంది. నా దృష్టిలో మీ ప్రశ్నకు కీలకం ఇదే. పలుచని పొరల నిరోధాన్ని చదరానికి ఇన్ని ఓములని చెబుతారు. చదరం చిన్నదైనా పెద్దదైనా ఆ విలువ మారదు. సుమారు 150 నానోమీటర్ల ఇండియం టిన్ ఆక్సైడ్ పొరకు అది పది ఓముల ప్రాంతంలో ఉంటే, 100 నానోమీటర్ల వెండి పొరకు ఒక ఓము కూడా ఉండదు. మీరు చూసిన క్లిప్పు అంచున ఉంది కదా. కరెంటు అక్కడి నుంచి మధ్యకు పోయేకొద్దీ పొర నిరోధం వల్ల వోల్టేజి కొంత పడిపోతుంది. అందువల్ల అంచులు ముందుగా నల్లబడి, మధ్యభాగం ఆలస్యంగా నల్లబడుతుంది. లోపలి అద్దం సన్నగా ఉంటుంది గనుక ఈ తేడా అంతగా కనబడదు గానీ, వెడల్పైన బయటి అద్దాల్లో కొట్టొచ్చినట్టు కనబడుతుంది. రెండు పొరల్లో ఒకటైనా లోహమైతే ఈ ఇబ్బందిలో పెద్ద భాగం తీరిపోతుంది.

మరో లాభమూ ఉంది. గాజు ముందు ముఖమే సుమారు 4 శాతం కాంతిని తిప్పి పంపుతుంది. అసలు ప్రతిబింబం నాలుగో ఉపరితలం నుంచి వస్తే, ఈ 4 శాతపు ప్రతిబింబానికీ దానికీ మధ్య రెండు పలకల మందం అడ్డుపడి, రాత్రిపూట ఒక్కో దీపం పక్కన మరో మసక దీపం కనబడుతుంది. మూడో ఉపరితలం నుంచి వస్తే ఆ ఎడం దాదాపు సగమవుతుంది.

ఇక అల్యూమినియం సంగతి. గాజు మీద వెండిని రసాయన పద్ధతిలో పేర్చవచ్చునని జర్మన్ రసాయన శాస్త్రవేత్త యూస్టుస్ ఫాన్ లీబిగ్ 1835లో చూపాడు. 1850ల చివరికల్లా స్టైన్‌హైల్, ఫూకో ఆ పద్ధతిని దూరదర్శిని అద్దాలకు తెచ్చారు. అయితే గాలిలోని గంధక సమ్మేళనాలకు వెండి నల్లబడుతుంది, పదే పదే కొత్త పూత వేయవలసి వస్తుంది. శూన్యంలో అల్యూమినియాన్ని ఆవిరి చేసి గాజు మీద పేర్చే పద్ధతిని జాన్ స్ట్రాంగ్ రూపొందించి, 1935లో అమెరికాలోని మౌంట్ విల్సన్ వేధశాలలో ఉన్న 100 అంగుళాల దూరదర్శిని అద్దానికి పూశాడు. అల్యూమినియం మీద గాలి తగలగానే కొన్ని నానోమీటర్ల ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. అది పారదర్శకం, గట్టిది, కింది లోహాన్ని కాపాడుతుంది. దూరదర్శినికి అది వరమే. కారు అద్దంలో మాత్రం అదే చిక్కు తెస్తుంది. ఆ ఆక్సైడ్ విద్యుద్బంధకం కాబట్టి, లోహానికీ ద్రావణంలోని అణువులకూ మధ్య ఎలక్ట్రాన్లు చేతులు మారవలసిన చోటనే గోడ కట్టినట్టవుతుంది.

పోనీ వెండే పూద్దామంటే, దృశ్యకాంతిలో అది 95 శాతానికి పైగా పరావర్తనం చేస్తుంది గానీ, ధనధ్రువంగా ఉన్నప్పుడు ఎలక్ట్రాన్లు వదిలి అయానులుగా ద్రావణంలోకి జారిపోయే ప్రమాదం ఉంది. క్రోమియం గాజును గట్టిగా పట్టుకుంటుంది, కానీ దాని పరావర్తకత 60 శాతం దరిదాపుల్లోనే ఆగిపోతుంది. రోడియం దాదాపు దేనికీ లొంగదు, 75 నుంచి 80 శాతం వరకు పరావర్తనం చేస్తుంది, కానీ బాగా ఖరీదైన లోహం. అందుకే కింద క్రోమియం, దాని మీద రోడియం గానీ, కొద్దిగా బంగారం వంటివి కలిపిన వెండి మిశ్రమం గానీ వచ్చేలా దొంతరలుగా పూస్తారు. ఏ లోహం ఎంత మెరుస్తుందన్నది ఒక్కటే చూస్తే ఈ ఎంపిక అర్థం కాదు; ద్రావణంలో ఏళ్ల తరబడి నానుతూ, రోజూ కరెంటు మోస్తూ, ఇంకా మెరుస్తూ ఉండగలిగేది ఏదన్నదే ఇక్కడి పరీక్ష.

జవాబు: వైరింగ్‌బొమ్మ

పలుచనిపొర గారి వివరణ బాగుంది, కానీ సర్క్యూట్‌కు దక్కవలసిన వాటా దక్కలేదని నా అభ్యంతరం. ఈ జెల్‌కు కావలసిన వోల్టేజి సుమారు 1.2 మాత్రమే. దానికి బాగా మించితే అణువులు మళ్లీ మామూలు స్థితికి రాలేనంతగా పాడవుతాయి. కారు బ్యాటరీ పేరుకు 12 వోల్టులు గానీ, ఇంజను నడుస్తుండగా 14 దాటుతుంది, స్టార్టరు తిరిగేటప్పుడు సగానికీ పడిపోవచ్చు. ఇంత అలజడి మధ్య ఒక వోల్టుకు కాస్త ఎక్కువైన విలువను నిలకడగా, మైనస్ డిగ్రీల చలిలోనూ ఎండకు కాగిన కారులోనూ అందించడం చిన్న పని కాదు.

లోపల జరిగేది కూడా చెప్పుకోవాలి. రుణధ్రువం దగ్గర వయోలోజెన్ జాతి అణువు ఒక ఎలక్ట్రాన్‌ను తీసుకొని రంగు తేలుతుంది. ధనధ్రువం దగ్గర ఫెనజీన్ జాతి అణువు ఒక ఎలక్ట్రాన్‌ను వదిలి తానూ రంగు తేలుతుంది. రంగు తేలిన ఈ రెండూ సందులో వ్యాపించి ఎదురుపడినప్పుడు ఎలక్ట్రాన్‌ను ఇచ్చిపుచ్చుకొని మళ్లీ రంగులేనివవుతాయి. అంటే, నల్లగా ఉంచడానికి కరెంటు నిరంతరం పోతూనే ఉండాలి. కరెంటు ఆగిపోతే అద్దం తనంతట తానే తేటపడుతుంది. ఫ్యూజు పోయినా, తీగ తెగినా డ్రైవరుకు మామూలు అద్దం మిగులుతుందన్నమాట. వాహనంలో వాడే పరికరానికి ఈ గుణం ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు. తొందరగా తేటపడాలంటే సర్క్యూట్ రెండు ఎలక్ట్రోడ్లనూ ఒకదానికొకటి కలిపేస్తుంది. అప్పుడు వాటి దగ్గరున్న రంగు అణువులు తమ ఎలక్ట్రాన్ల లెక్కను తీగ గుండానే సరిచేసుకుంటాయి.

మీరు చూసిన రెండు సెన్సర్లలో ముందుకు చూసేది బయట పగలా రాత్రా అన్నది చెబుతుంది, వెనక్కి చూసేది కళ్లలో పడే వెలుగెంతో చెబుతుంది. వెనుక వెలుగు ఒక్కదాన్నే కొలిస్తే పట్టపగలు కూడా అద్దం నల్లబడుతుంది. కాబట్టి రెండింటినీ పోల్చి నిర్ణయించాలి. రివర్స్ గేరు వేయగానే ఎంత వెలుగున్నా అద్దాన్ని తేటపరచాలి, ఎందుకంటే అప్పుడు డ్రైవరుకు కావలసింది వెనుక ఉన్నది కనబడడం. చాలా కార్లలో బయటి అద్దాలకు సొంత సెన్సర్లే ఉండవు. లోపలి అద్దమే వాటికీ ఆదేశం పంపుతుంది.

ప్రశ్న కొనసాగింపు: కాంతిరేఖ

ఇద్దరికీ ధన్యవాదాలు. రెండు జవాబులూ చదివాక మరో సందేహం వచ్చింది. లేజరు కాంతి పంపి దూరం కొలిచే లైడార్ పరికరాల్లో తిరిగే అద్దాలకు కొన్నిచోట్ల బంగారం పూస్తారని చదివాను. అక్కడ ద్రావణమూ లేదు, ఎలక్ట్రోడూ కాదు. మరి అల్యూమినియం చాలదా? 99.9 శాతం పరావర్తనం చేసే, లోహమే లేని పూతలు ఉన్నాయని కూడా విన్నాను. అవి ఉండగా లోహం పూయడం ఎందుకు?

జవాబు: పావుతరంగం

బంగారం ఆడంబరానికి కాదు. అల్యూమినియం పరావర్తకత దృశ్యకాంతిలో సుమారు 90 శాతం ఉంటుంది, పరారుణంలో దూరం పోయేకొద్దీ ఇంకా పెరుగుతుంది. కానీ ఈ రెండింటి మధ్య, 800 నుంచి 900 నానోమీటర్ల ప్రాంతంలో ఒక పల్లం ఉంది. ఆ శక్తి గల కాంతిని ఆ లోహంలోని ఎలక్ట్రాన్లు ఒక శక్తి పట్టీ నుంచి మరో పట్టీకి దూకడానికి వాడుకుంటాయి కాబట్టి, అక్కడ పరావర్తకత 86, 87 శాతానికి దిగుతుంది. కార్లలో వాడే లైడార్లలో చాలా వాటి తరంగదైర్ఘ్యం 905 నానోమీటర్లు. పల్లం గట్టు ఇంకా పూర్తిగా ఎక్కని చోటన్నమాట. అక్కడ అల్యూమినియానికి 89 శాతం, బంగారానికి 97 శాతం అనుకుందాం. వెళ్లే కాంతీ తిరిగివచ్చే కాంతీ ఒకే అద్దం మీద పడితే రెండుసార్లు నష్టపోతాం: అల్యూమినియంతో 79 శాతం మిగిలితే, బంగారంతో 94 శాతం మిగులుతుంది. దూరాన ఉన్న నల్లని వస్తువు నుంచి తిరిగివచ్చే కాంతి ఎలాగూ అతి స్వల్పం. అందులో మళ్లీ ఇంత పోగొట్టుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు. 1550 నానోమీటర్ల దగ్గర పనిచేసే లైడార్లకు ఈ బాధ లేదు, అక్కడ అల్యూమినియం కూడా 97 శాతం దాకా ఇస్తుంది. కాంతిని మిల్లీమీటరులో వందో వంతు పరిమాణాల అద్దాలతో మలిచే హెడ్‌లైట్లలోనూ అల్యూమినియమే హాయిగా సరిపోతుంది. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో లారీ హార్న్‌బెక్ 1987లో కనిపెట్టిన సూక్ష్మ అద్దాల చిప్పే ఆ హెడ్‌లైట్లలో ఉండేది. ఒక్కో దీపంలో అలాంటి అద్దాలు పది లక్షలకు పైగా ఉండే కార్లు 2018 నుంచి ఉన్నాయి. అక్కడి వెలుగు దృశ్యకాంతి కనుక పల్లం ప్రసక్తే రాదు.

ఇక లోహం లేని పూతలు. వక్రీభవన గుణకం (పదార్థం కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) ఎక్కువ ఉన్న పొరనూ తక్కువ ఉన్న పొరనూ ఒకదాని తరవాత ఒకటి, ప్రతి పొర మందమూ దానిలో ప్రయాణించే తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు ఉండేలా పేర్చుతారు. 550 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతికి టైటానియం డయాక్సైడ్ పొర సుమారు 57, సిలికా పొర సుమారు 94 నానోమీటర్ల మందం రావాలి. ప్రతి సరిహద్దు నుంచీ వెనుదిరిగే కొద్దిపాటి కాంతి ఒకదానితో ఒకటి కలిసి బలపడుతుంది. ఇలాంటి జతలు పది, పదిహేను పేర్చితే 99 శాతం దాటడం కష్టం కాదు. కానీ అదంతా ఒక పరిమితమైన రంగుల పట్టీకే వర్తిస్తుంది. కాంతి ఏటవాలుగా పడితే ఆ పట్టీ నీలం వైపు జరుగుతుంది, అద్దంలో చూసే కోణం మారినప్పుడల్లా రంగు మారుతుంది. పైగా ఆ పొరలకు విద్యుత్తు మోసే గుణం లేదు, కాబట్టి మొదట అడిగిన అద్దంలో మూడో ఉపరితలం మీద ఎలక్ట్రోడ్ పని అవి చేయలేవు.

అలాగని కారులో వాటికి చోటు లేదనుకోవద్దు. ముందు గాజు మీద వేగం వంటి వివరాలు తేలియాడేలా చూపే హెడ్-అప్ డిస్‌ప్లేలో దృశ్యకాంతిని తిప్పి పంపి పరారుణాన్ని తనలో నుంచి వెళ్లిపోనిచ్చే బహుపొరల అద్దాన్ని ఇప్పుడు వాడుతున్నారు. ఎండ ఆ దారిలోనే తిరుగు ప్రయాణం చేసి డిస్‌ప్లే మీద కేంద్రీకృతమైతే డిస్‌ప్లే కాలిపోయే ప్రమాదం ఉంది. ఈ అద్దం వల్ల ఎండలోని వేడిలో పెద్ద వాటా డిస్‌ప్లేను చేరకముందే పక్కకు పోతుంది. పట్టీ పరిమితంగా ఉండడం మరోచోట లోపమైతే, ఇక్కడ అదే ఉపయోగం.

జవాబు: పాతకాగితం

ఆవిష్కరణ ఎక్కడుందన్న మొదటి ప్రశ్న మిగిలిపోయింది. పాత పేటెంట్లు చదవడం నాకు అలవాటు కనుక ఆ వైపు నుంచి చెబుతాను. వైరింగ్‌బొమ్మ గారు కోప్పడకూడదు.

కాంతిని పసిగట్టి దానికి తగ్గట్టు నడుచుకొనే ఎలక్ట్రానిక్స్ కార్లలోకి 1950లలోనే వచ్చింది. ఎదురుగా వచ్చే కారు వెలుగు చూసి తన హెడ్‌లైట్లను తానే దించుకొనే ఏర్పాటును, డాష్‌బోర్డు మీద ఫొటోట్యూబుతో, జనరల్ మోటార్స్ 1952లో అమ్మింది. క్రైస్లర్ 1959లో ఫొటోసెల్‌తో తనంతట తాను వాలే లోపలి అద్దాన్నే తెచ్చింది. అందులోని గాజు చీల (వెడ్జ్) ఆకారంలో ఉంటుంది, అంటే పైనొక మందం కిందొక మందం. పగలు వెనుక ముఖం మీది పూత నుంచి కాంతి కంటికి వస్తుంది, వాలినప్పుడు ముందు ముఖం ఇచ్చే ఆ 4 శాతమే వస్తుంది. ఈ అద్దాలు తయారుచేసే అమెరికా కంపెనీ జెంటెక్స్ కూడా 1982లో మోటారుతో వాలే అద్దంతోనే మొదలుపెట్టి, 1987లో రసాయనంతో నల్లబడే అద్దానికి మారింది. సెన్సరు, పోలిక, నిర్ణయం అప్పటికే ఉన్నాయి. లేనిదల్లా, రెండే రెండు మెట్లు కాకుండా కావలసినంత మేరకే నల్లబడి, కదిలే భాగమేదీ లేకుండా వేల వేల సార్లు తిరిగి తేటపడే పదార్థం. వైరింగ్‌బొమ్మ గారు వర్ణించిన, తన రంగును తానే చెరుపుకొనే ద్రావణం మీద జెంటెక్స్ రసాయన శాస్త్రవేత్త హార్లన్ బైకర్‌కు అమెరికా పేటెంటు 1990లో వచ్చింది. నా తీర్పు ఆ ద్రావణానికే. మూడో ఉపరితలపు పూతలు దాని తరవాత, ఆ ద్రావణంలో బతకగల లోహం కావాలన్న అవసరం నుంచి పుట్టినవి. సర్క్యూట్‌లో 1.2 వోల్టుల నియంత్రణ కూడా అలా పుట్టిందే, దాని విలువను నేను కాదనడం లేదు.

1990లలో ఈ అద్దాల మీద డానెల్లీ, జెంటెక్స్ కంపెనీలు కోర్టుకెక్కాయి. ఇలాంటి వస్తువు మీద పేటెంట్లు ఒకేచోట దొరకవని అప్పటి పత్రాలు చూసినవారికి తెలుసు. విద్యుత్తుతో రంగు మారే పరికరాలు అంతర్జాతీయ పేటెంటు వర్గీకరణలో జీ02ఎఫ్ 1/15 కింద ఉంటాయి. వాహనాల వెనుక చూపు అద్దాల్లో ప్రత్యేక దృశ్య లక్షణాలు గలవి బీ60ఆర్ 1/08 కింద, అద్దాలు సాధారణంగా జీ02బీ 5/08 కింద, శూన్యంలో పూత వేసే పద్ధతులు సీ23సీ 14 కింద ఉంటాయి. కాంతిరేఖ గారు మొదటి రెండింటితో మొదలుపెట్టి, దొరికిన ప్రతి పత్రంలోనూ వర్ణన భాగాన్ని కాక చివర ఉన్న హక్కుల వాక్యాలను (పేటెంటు సరిగ్గా దేని మీదో చెప్పే క్లెయిమ్‌లను) ముందు చదవాలి. మూడో ఉపరితలపు అద్దాల పత్రాల్లో ఆ వాక్యాలు ఎక్కువగా ఏ లోహం కింద ఏ లోహం, ఎంత మందంలో అన్నదాని చుట్టూనే తిరుగుతాయి. సర్క్యూట్ చాలావాటిలో ఒక పెట్టెగా గీసి వదిలేసి ఉంటుంది.